తల్లి ఒడియు సిలువ మ్రానును: చిత్రకారుడైన దూచ్చో జీవితము

ధ్యాన భాగము: లూకా 2:22–35



క్రిస్మసు దినములు సమీపించినప్పుడెల్ల మన యిండ్లలో తల్లీబిడ్డల పటములు కనబడును. క్యాలెండరు మీదను, క్రిస్మసు కార్డుల మీదను, సండేస్కూలు పిల్లలకిచ్చు చీట్ల మీదను మరియ తన బిడ్డను ఎత్తుకొని కూర్చుండుట మనము చూచుచున్నాము. ఈ పటములకు వెనుక ఒక పొడుగైన చరిత్ర గలదు. ఆ చరిత్రలో గొప్ప పాలు గలవాడు దూచ్చో. ఇతడు ఏడు వందల సంవత్సరముల క్రిందట ఇటలీ దేశములో జీవించిన చిత్రకారుడు. ఈ నెల అతని జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము.

ఇతనిగూర్చి వ్రాయుటకు మాకొక కారణము గలదు. కొన్ని సంవత్సరముల క్రిందట, క్రిస్మసునకు ముందరి వారములో, మేము ఒక పల్లెలో ఇంటింటి ప్రార్థనలు జరుపుచు ఒక వృద్ధురాలి గుడిసెలోనికి వెళ్లితిమి. మట్టిగోడ మీద తల్లీబిడ్డల పటమొకటి మేకుకు వ్రేలాడుచుండెను. అది పొగకు నల్లబారి, అంచులు చినిగి యుండెను. మేము కూర్చుండకముందే, ఇటువంటి పటము మన సంఘస్థులకు తగదనియు, తీసివేయవలెననియు చెప్పితిమి. ఆమె ఎదురు పలుకలేదు. లేచి, పటము తీసి, కొంగుతో తుడిచి పెట్టెలో పెట్టెను. తరువాత సంఘపు పెద్ద యొకడు చెప్పగా మాకు తెలిసినదేమనగా, ఆమె ఇద్దరు కుమారులను పాతిపెట్టిన తల్లి. ఆ పటమునకు ఆమె ఎన్నడును మ్రొక్కలేదు. దాని ముందర దీపము పెట్టలేదు. దేవుని కుమారుడును ఒక తల్లి ఒడిలో పెరిగెననియు, ఆ తల్లి కన్నుల యెదుటనే మరణించెననియు జ్ఞాపకము చేసికొనుటకు దానిని ఉంచుకొనెను. ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. సెమినరీలో చదువుకొను దినములలో ఒక సంఘచరిత్ర పుస్తకములో చూచిన దూచ్చో చిత్రము అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చెను.

పట్టణమును మొదటి పనులును

ఇతని పూర్తి పేరు దూచ్చో ది బువొనిన్‌సెన్యా. అనగా బువొనిన్‌సెన్యా కుమారుడైన దూచ్చో. ఇటలీలోని టస్కనీ ప్రాంతమున కొండల మీద కట్టబడిన సియెనా పట్టణము ఇతని ఊరు. సుమారు 1255వ సంవత్సరమున పుట్టెనని పండితులు ఎంచుదురు.

ఆ కాలములో సియెనాకు రాజు లేడు. పట్టణస్థులే అధికారులను ఏర్పరచుకొని తమ్మును తాము ఏలుకొనుచుండిరి. పొరుగుననున్న ఫ్లోరెన్సు పట్టణముతో వారికి ఎడతెగని వైరము. 1260వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన మోంతపెర్తి అను చోట సియెనావారు తమకంటె బలమైన ఫ్లోరెన్సు సైన్యమును ఓడించిరి. యుద్ధమునకు ముందు వారు తమ పట్టణమును కన్య మరియకు అప్పగించిరి. గెలిచిన తరువాత ఆమెయే తమ పట్టణమునకు రాణి అనిరి. అప్పటికి దూచ్చో చిన్న పిల్లవాడు. కాబట్టి అతడు పెరిగిన ఊరిలో మరియ పటమనగా దేవాలయమునకు మాత్రమే చెందినది కాదు, ఊరంతటికిని చెందినది. యుద్ధము వచ్చినను, కరవు వచ్చినను జనులు ఆ పటము తట్టు చూచెడివారు.

పాత లెక్కల పుస్తకములలో దూచ్చో పేరు మొదట కనబడునది 1278లో. పట్టణపు కచేరీ కాగితములు దాచు పండ్రెండు పెట్టెలకు రంగులు వేసినందుకు అతనికి కూలి ముట్టెను. మరుసటి సంవత్సరము లెక్కల పుస్తకములకు కట్టు చెక్క అట్టమీద బొమ్మ వ్రాసినందుకు మరికొంత ముట్టెను. తరువాత లోకమంతయు మెచ్చుకొనిన చేయి మొదట పెట్టెలకును అట్టలకును రంగులు పూసిన చేయియే.

పటము తయారగు విధము

ఆ దినములలో పటము వ్రాయుట ఎంత ప్రయాసమో మనము తెలిసికొనవలెను. బట్ట మీద కాదు, చెక్క పలకల మీద వ్రాసెడివారు. పోప్లరు చెట్టు పలకలను ఎండబెట్టి, చేర్చి, చిత్రికపట్టి నునుపు చేసెదరు. వాటి మీద బట్ట అతికించి, జంతువుల తోలు ఉడకబెట్టి తీసిన జిగురులో తెల్లని సుద్దమన్ను కలిపి, ఒక పూత ఆరిన తరువాత మరియొక పూతగా పూయుదురు. బంగారము పెట్టవలసిన చోట ఎఱ్ఱమన్ను పూసి, దానిమీద ఊపిరికి ఎగిరిపోవునంత పలుచని బంగారు రేకును పరచి, నునుపైన రాతితో మెరుగు పెట్టుదురు. ఆ రేకులను బంగారు నాణెములనే కొట్టి చేయుదురు.

రంగులను కోడిగ్రుడ్డు పచ్చసొనతో కలుపుదురు. అది త్వరగా ఆరిపోవును; అందుచేత సన్నని కుంచెతో చిన్న చిన్న గీతలుగా వ్రాయవలెను. మరియ పైవస్త్రమునకు వాడు మిక్కిలి శ్రేష్ఠమైన నీలము ఆఫ్ఘనిస్తాను దేశములోని బదఖ్షాను కొండలలో త్రవ్విన రాతినుండి వచ్చునది. ఎడారులును సముద్రమును దాటి ఇటలీకి చేరునప్పటికి దాని వెల బంగారముతో సమానమగుచుండెను. ముఖమునకు మొదట పచ్చమన్ను పూసి, దానిమీద లేత ఎరుపు వేయుదురు. కాలము గడచి పై రంగు అరిగిపోగా ఆ కాలపు పటములు అనేకములలో మరియ ముఖము కొంచెము పచ్చగా కనబడుచున్నది. ఇదంతయు ఒక్కడు చేయు పని కాదు. వడ్రంగులును పనివారును నేర్చుకొను కుర్రవాండ్రును గురువునొద్ద కలిసి పనిచేయుచుండిరి.

బిడ్డ నిజముగా బిడ్డయైనప్పుడు

దూచ్చోకు ముందు ఇటలీలో తల్లీబిడ్డల పటములు లేవని కాదు, చాల నుండెను. అవి తూర్పు దేశపు సంఘములనుండి, ముఖ్యముగా కాన్‌స్టాంటినోపిలు పట్టణమునుండి వచ్చిన మాదిరిని అనుసరించినవి. వాటిలో మరియ కదలక మెదలక సింహాసనము మీద కూర్చుండును. ఆమె వస్త్రపు మడతలు బంగారు గీతలుగా ఉండును. ఆమె ఒడిలోని బిడ్డ చిన్న దేహమునకు పెద్దవాని ముఖము పెట్టినట్లుండును. ఒక చేతిలో గ్రంథపు చుట్ట పట్టుకొని, మరియొక చేయి ఎత్తి ఆశీర్వదించుచుండును. ఆ మాదిరికి ఒక మంచి అర్థమున్నది. ఈయన సామాన్యుడు కాడు, సర్వాధికారియగు ప్రభువు అని అది బోధించును. అయితే పాలు త్రాగి, ఏడ్చి, తల్లి మెడను కౌగిలించుకొనిన శిశువు ఆ పటములలో సులభముగా కనబడడు.

ఆ కాలముననే జనుల హృదయములలో ఒక మార్పు కలుగుచుండెను. అస్సీసి ఊరివాడైన ఫ్రాన్సిసు 1223వ సంవత్సరమున గ్రెచ్చో అను పల్లెలో క్రిస్మసు రాత్రి నిజమైన తొట్టి పెట్టించి, గడ్డి పరపించి, ఎద్దును గాడిదను నిలువబెట్టి, ప్రభువు ఎంత బీదతనములో పుట్టెనో పల్లెటూరి జనులకు కన్నులార చూపించెను. అతని అనుచరులు ఇటలీ అంతట సంచరించి, ప్రభువు మనవంటి దేహముతో మన మధ్య జీవించెనని ప్రకటించుచుండిరి. ఆ బోధ విన్న తరములో దూచ్చో పెరిగెను.

సుమారు 1283లో అతడు వ్రాసిన పటమొకటి క్రేవొలె అను చోటి పేరుతో నేటికిని ఉన్నది. అందులో మరియ ఇంకను పాత మాదిరిగానే గంభీరముగా ఉన్నది. వస్త్రములమీద బంగారు గీతలున్నవి. అయితే బిడ్డ చేయి చాచి తల్లి ముసుగును అందుకొనుచున్నాడు. ఇది చిన్న సంగతివలె కనబడవచ్చును. మన వాకిండ్లలో చంకనెక్కిన బిడ్డ తల్లి కొంగు లాగుట మనము దినదినము చూచుచున్నాము గదా! దూచ్చో చూచి వ్రాసినది అదియే. గ్రంథపు చుట్ట పట్టుకొను చేయి ఇప్పుడు అమ్మ ముసుగును పట్టుకొనెను.

1285వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన ఫ్లోరెన్సులో ఒక భక్త సమాజమువారు దూచ్చోతో ఒడంబడిక వ్రాసికొనిరి. వారు గురువులు కారు. సాయంకాలములయందు దేవాలయములో కూడి స్తుతి కీర్తనలు పాడుకొను సామాన్య జనులు. సాంతా మరియా నొవెల్లా దేవాలయములోని తమ స్థలమునకు ఒక గొప్ప తల్లీబిడ్డల పటము కావలెననిరి. కూలి 150 లీరాలు. బంగారమును నీలమును చిత్రకారుడే తన ఖర్చుతో తేవలెను. పని తమకు నచ్చనియెడల డబ్బు ఇయ్యక, పటమును అతనికే విడిచిపెట్టుదురు. ఇట్టి కఠినమైన షరతులకు ఒప్పుకొని దూచ్చో సుమారు పదునైదడుగుల ఎత్తును తొమ్మిదిన్నర అడుగుల వెడల్పును గల పలక మీద వ్రాసెను. సింహాసనమునకు ఇరుప్రక్కల ఆరుగురు దూతలు ఒకరిపై నొకరు మోకరించి దానిని పట్టుకొనియున్నారు. చాలకాలము ఈ పటమును ఫ్లోరెన్సువాడైన చిమబూయె వ్రాసెనని జనులు నమ్మిరి. తరువాత పండితులు ఆ పాత ఒడంబడికతో సరిచూచి ఇది దూచ్చో పనియని తెలిసికొనిరి. ఇప్పుడది ఫ్లోరెన్సులోని ఉఫీజీ అను ప్రదర్శనశాలలో నున్నది. సియెనాకు శత్రు పట్టణమైన ఫ్లోరెన్సు తన దేవాలయమునకు సియెనావాని పిలిచి పటము వ్రాయించుకొనెనని మనము గమనింపవలెను.

కొవ్వొత్తి కాల్చిన అంచు

దూచ్చో గొప్ప దేవాలయములకు మాత్రమే కాదు, ఇండ్లలో ప్రార్థించుకొను వారికిని చిన్న పటములు వ్రాసెను. వాటిలో ఒకటి 1300వ సంవత్సర ప్రాంతమున వ్రాయబడినది. మన పెద్ద బైబిలు అట్టకంటె అది పెద్దది కాదు. అందులో బిడ్డ ఎడమ చేతితో తల్లి ముసుగును ప్రక్కకు తొలగించి ఆమె ముఖము తట్టు చూచుచున్నాడు. ఆటలాడు పిల్లవాని చేష్ట అది. అయితే తల్లి నవ్వుట లేదు. ఆమె కన్నులలో దుఃఖమున్నది. సుమెయోను దేవాలయములో పలికిన మాట ఆమె మరువలేదన్నట్టుగా నున్నది. బిడ్డ ఆడుకొనుచున్నాడు, రాబోవు దానిని తల్లి ఎరుగును.

ఆ పటపు చట్రము అడుగున కాలిన గుర్తులున్నవి. ఎవరో, పేరు తెలియని వారు, దాని ముందర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించిరి. 2004లో న్యూయార్కు పట్టణములోని మెట్రోపాలిటన్ మ్యూజియమువారు ఈ చిన్న పలకను నాలుగున్నర కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొనిరని వార్తలు వచ్చెను. అంత వెల పెట్టిన వారును ఆ కాలిన అంచును తీసివేయలేదు.

జుల్మానాలును అప్పులును

ఇంత భక్తిగల పటములు వ్రాసినవాడు నిర్దోషియైన పరిశుద్ధుడని మీరు తలంతురేమో. కాని సియెనా పట్టణపు పుస్తకములు వేరొక సంగతిని తెలుపుచున్నవి. 1280లో దూచ్చోకు 100 లీరాల జుల్మానా పడెను. నేరమేమో వ్రాయబడలేదు గాని మొత్తము పెద్దది. ఫ్లోరెన్సువారి గొప్ప పటమునకు అతనికి ముట్టవలసిన కూలిలో మూడింట రెండు పాళ్లు! 1299లో పట్టణాధికారికి లోబడుదునని ప్రమాణము చేయనందుకు మరల జుల్మానా. 1302లో యుద్ధమునకు పోనందుకు మరల జుల్మానా. అప్పులవారును అతనిని విడువలేదు. అయినను పట్టణమువారికి అతనియందు గౌరవము లేకపోలేదు. 1295లో క్రొత్త నీటి ఊట ఎక్కడ కట్టవలెనో నిర్ణయించు పెద్దలలో అతనిని ఒకనిగా కూర్చుండబెట్టిరి.

అతనికి తవియానా అను భార్యయు ఏడుగురు పిల్లలును ఉండిరి. చేతినిండ పని యున్నను ఇంటి లెక్క సరిగా నడిచినట్లు లేదు. దేవుడు ఇచ్చిన వరము గొప్పది. అది ఉంచబడిన పాత్ర మంటి పాత్ర. మన సంఘములలోను ఇట్టివారిని మనమెరుగుదుము. కీర్తన ఎత్తుకొనిన సభ కరగిపోవును. అతని యింట మాత్రము అప్పులవాడు వాకిట కూర్చుండియుండును. ఇట్టివారిని పొగడి ఊరకుండుటయు తప్పే, త్రోసివేయుటయు తప్పే.

గొప్ప పని

1308వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన సియెనా దేవాలయపు అధికారులు దూచ్చోతో ఒడంబడిక వ్రాసిరి. ప్రధాన బలిపీఠము మీద నిలుపుటకు ఒక మహా పటము వ్రాయవలెను. తన చేతితోనే వ్రాయుదుననియు, తన శక్తి కొలది శ్రేష్ఠముగా చేయుదుననియు, ఇది ముగియువరకు వేరొక పని పట్టుకొననియు అతడు ఒప్పుకొనెను. పనిచేసిన ప్రతి దినమునకు 16 సోల్దులు కూలి. ఇరువది సోల్దులైన ఒక లీరా. కాబట్టి దినమునకు లీరాకంటె తక్కువ. పలకలును బంగారమును రంగులును దేవాలయమువారే ఇచ్చునట్లు ఏర్పాటు.

ఈ పని మూడేండ్లు పట్టెను. 1311వ సంవత్సరము జూను 9వ తేదీన పటమును దూచ్చో పనిచేయు చోటినుండి దేవాలయమునకు ఊరేగింపుగా తీసికొనిపోయిరి. ఆ దినమున అంగళ్లు మూసిరి. గంటలు మ్రోగెను. బిషప్పును గురువులును పట్టణాధికారులును ముందర నడువగా, స్త్రీలును పిల్లలును వెలుగుచున్న కొవ్వొత్తులు పట్టుకొని వెంబడించిరి. బూరలును నగారాలును మ్రోగించిరి. పట్టణపు నడుమ నున్న విశాలమైన మైదానమును చుట్టి, బీదలకు ధర్మము పంచి, పటమును బలిపీఠము మీద నిలిపిరి. పది సంవత్సరముల క్రిందట అతనికి జుల్మానా వేసిన పట్టణమే ఇప్పుడు అతని చేతిపనిని గంటలతో ఎదుర్కొనెను.

పటమునకు మయెస్తా అని పేరు. ఆ మాటకు మహిమ, ఘనత అని అర్థము. నడిమి పలక సుమారు ఏడడుగుల ఎత్తు, పదమూడున్నర అడుగుల వెడల్పు. ముందు ప్రక్కను మరియ బిడ్డను ఎత్తుకొని చలువరాతి సింహాసనము మీద కూర్చున్నది. చుట్టు దూతలును, బాప్తిస్మమిచ్చు యోహానును, పేతురును, పౌలును, మరి యనేకులును నిలిచియున్నారు. అడుగు వరుసలో ప్రభువు బాల్యపు కథలున్నవి: గబ్రియేలు వర్తమానము, పశువుల తొట్టి, జ్ఞానుల రాక, దేవాలయములో సుమెయోను, హేరోదు చంపించిన పసిబిడ్డలు, ఐగుప్తునకు పారిపోవుట, పండ్రెండేండ్ల బాలుడు బోధకుల నడుమ కూర్చుండుట.

సింహాసనము మెట్టు మీద దూచ్చో ఒక ప్రార్థన వ్రాసెను. సియెనాకు సమాధానమును, ఈ పటము వ్రాసిన దూచ్చోకు జీవమును దయచేయుమని మరియను వేడుకొనిన ప్రార్థన అది. ఇక్కడ మేము దాపరికము లేక చెప్పవలెను. మనము అట్లు ప్రార్థింపము. దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తుయేసు ఒక్కడే అని అపొస్తలుడు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో మనకు నేర్పెను. దూచ్చో లూథరుకంటె రెండు వందల సంవత్సరముల ముందరివాడు. తనకు నేర్పబడిన రీతిని ప్రార్థించెను. అతని తప్పును మనము అనుసరింపనక్కరలేదు. అయితే లూథరుగారును 1521లో మరియ పాడిన పాటకు వ్యాఖ్యానము వ్రాసి, దీనురాలైన ఆ కన్యకను దేవుడు కటాక్షించిన విధమును ఎంతో ప్రేమతో వివరించెను. మరియను పూజింపకుండుట ఒకటి. ఆమెను మరచిపోవుట మరియొకటి.

పలకకు వెనుక ప్రక్క

ప్రియులారా, ఇప్పుడు మా మనస్సును పట్టుకొనిన సంగతికి వచ్చుచున్నాము. ఆ మహా పటము ఒక ప్రక్కనే వ్రాయబడినది కాదు. అదే పలకకు వెనుక ప్రక్కను దూచ్చో ప్రభువు శ్రమలను ఇరువదియారు ఘట్టములుగా వ్రాసెను. యెరూషలేములోనికి గాడిదనెక్కి వచ్చుటతో మొదలై, పాదములు కడుగుట, కడరాత్రి భోజనము, గెత్సేమనే, యూదా ముద్దు, పిలాతు తీర్పు, కొరడా దెబ్బలు, సిలువ, సమాధి, చివరకు ఎమ్మాయు మార్గము వరకు ఉన్నవి.

ఒక చోట క్రింది వాకిటిలో పేతురు సేవకులతో కూర్చుండి చలి కాచుకొనుచున్నాడు. దాసి యొకతె మేడమెట్లెక్కబోవుచు ఆగి అతని తట్టు చేయి చూపుచున్నది. ఆ మెట్లు ఎక్కిన చోటనే, పై గదిలో, ప్రభువు చేతులు కట్టబడి అన్న అను ప్రధానయాజకుని యెదుట నిలిచియున్నాడు. క్రింద శిష్యుడు ఎరుగనని బొంకుచున్న గడియలోనే పైన ప్రభువు తీర్పు పొందుచున్నాడు. ఒక మెట్ల వరుస ఆ రెండింటిని కలిపినది. సువార్తను ఇంత శ్రద్ధగా చదివినవాడు గనుకనే ఇట్లు వ్రాయగలిగెను.

ముందు ప్రక్క సామాన్య జనులకు కనబడెడిది. వెనుక ప్రక్క బలిపీఠమునకు ఆవల కూర్చుండు గురువులకు కనబడెడిది. ముందు ప్రక్క తల్లి ఒడి. వెనుక ప్రక్క సిలువ మ్రాను. నడుమ ఒక్క చెక్క. తొట్టిని ముందు నుండి చూచువానికి సిలువ కనబడకపోవచ్చును. అయినను అది అక్కడనే, ఆ బిడ్డ వీపు వెనుకనే యున్నది.

అంతమును పిమ్మట జరిగినదియు

దూచ్చో 1318లోగాని 1319లోగాని మరణించెను. 1319లో అతని ఏడుగురు పిల్లలు తండ్రి ఆస్తి తమకు వద్దని వ్రాసియిచ్చిరి. ఆస్తికంటె అప్పు ఎక్కువగా ఉండెను కాబోలు. గంటలు మ్రోగించి, అంగళ్లు మూసి గౌరవించిన పట్టణములో, సుమారు ఎనిమిది సంవత్సరములకే, ఆ గొప్పవాని పిల్లలకు మిగిలినది ఇది. అతని కుంచె బంగారము మీద నడిచెను. అతని యింటిలో బంగారము నిలువలేదు.

పటము మాత్రము నిలిచెను. 1506 వరకు బలిపీఠము మీద నుండి, తరువాత ప్రక్కకు తీయబడెను. 1771లో దేవాలయమువారు దానిని రంపముతో కోయించిరి. ముందు ప్రక్కను వెనుక ప్రక్కను వేరుచేసి రెండు చోట్ల నిలుపవలెనని వారి తలంపు. ముందు పలకలు ముక్కలు చేసి, పిమ్మట ఒక్కొక్క ముక్కను మందము వెంబడి చీల్చిరి. ఆ పనిలో పటమునకు దెబ్బతగిలెను. చిన్న ముక్కలు కొన్ని చేతులు మారి దూరదేశములకు పోయెను. పశువుల తొట్టి పలక వాషింగ్టనులో నున్నది. గ్రుడ్డివాని స్వస్థత పలక లండనులో నున్నది. లాజరును లేపుట అమెరికాలోని ఫోర్టువర్తులో నున్నది. మిగిలిన గొప్ప భాగము 1878నుండి సియెనా దేవాలయపు మ్యూజియములో ఉంచబడినది. ముందు ప్రక్క ఒకటిగాను, వెనుక ప్రక్క ఒకటిగాను వేరు వేరుగా నిలువబెట్టియున్నారు.

మనమును కోసితిమా?

ఆ రంపము పట్టుకొనిన వారిని నిందించుట సులభము. మనము ఏమి చేయుచున్నాము? క్రిస్మసు వచ్చునప్పుడు గుడికి సున్నము వేయుదుము, రంగు కాగితములు కట్టుదుము, క్రొత్త బట్టలు తొడుగుకొందుము. ఆ బిడ్డ మనకు ఇష్టుడే. ఎందుకనగా బిడ్డ ఏమియు అడుగడు. పెరిగి పెద్దవాడై, నీ సిలువ నెత్తుకొని నన్ను వెంబడింపుమనునప్పుడు మనలో అనేకులము వెనుకకు తగ్గుదుము. పొలము గట్టు తగవులో అన్నదమ్ముని క్షమింపవలసి వచ్చినప్పుడు, తీర్చని అప్పును ఒప్పుకొనవలసి వచ్చినప్పుడు, పేదవాని పక్షమున మాటలాడవలసి వచ్చినప్పుడు, తొట్టి దగ్గర పాడిన నోళ్లు మూసికొనిపోవును. తొట్టిని ఉంచుకొని సిలువను కోసివేయుచున్నాము.

దీనికి ఎదురైన తప్పును గలదు. అది మా తప్పు. సిద్ధాంతము సరిగా నుండవలెనను ఆతురతలో, ప్రభువు నిజముగా తల్లి పాలు త్రాగిన బిడ్డయనియు, ఆ తల్లి హృదయములోనికి ఖడ్గము దూసికొనిపోయెననియు మరచితిమి. పటమును చూచితిమి గాని పటము క్రింద కూర్చున్న తల్లిని చూడలేదు. సిలువ సిద్ధాంతమును ఉంచుకొని, తల్లి ఒడిని కోసివేసితిమి. ఇద్దరు కుమారులను పోగొట్టుకొనిన ఆ వృద్ధురాలు రెండు ప్రక్కలను కలిపియే చూచుచుండెను. చదువురాని ఆమెకు తెలిసినది, సెమినరీలో చదివిన మాకు తట్టలేదు.

క్రిస్మసు దాటిన మరుసటి దినము మేము ఆమె గుడిసెకు తిరిగి వెళ్లి క్షమాపణ అడిగితిమి. పెట్టెలోని పటమును తెమ్మని చెప్పి, మా చేతితోనే మేకుకు తగిలించితిమి. దీనికి మ్రొక్కవద్దని చెప్పబోయితిమి గాని, ఆమె ముఖము చూచి ఆ మాట అనవసరమని ఊరకుంటిమి. ఆమె మమ్మును ఒకటే అడిగెను. సుమెయోను మరియతో చెప్పిన మాటలున్న భాగమును చదువుమనెను. చదివితిమి. ఆమె వినుచు కన్నులు తుడుచుకొనెను. పిమ్మట, ఆ తల్లి తన కుమారుడు తిరిగి లేచుటను కూడ ఎరిగెను గదా యని చెప్పి, మాకు మజ్జిగ తెచ్చి యిచ్చెను.

ఈ నెలలో మీ యింట అటువంటి పటము కనబడినయెడల దానికి నమస్కరింపవద్దు. రెండవ ఆజ్ఞను మరువవద్దు. అయితే ఒక క్షణము నిలిచి, ఆ బిడ్డ వెనుకనున్న సిలువను జ్ఞాపకము చేసికొనుడి. సిలువను ధ్యానించునప్పుడు, అక్కడ వ్రేలాడినవాడు ఒకప్పుడు తల్లి ముసుగు లాగి ఆడుకొనిన బిడ్డ యని జ్ఞాపకము చేసికొనుడి. దుఃఖములో నున్న తల్లులెవరైనను మీ వీధిలో నున్నయెడల, వారికి బోధించుటకు ముందు వారి ప్రక్కన కూర్చుండుడి.

ప్రార్థన: మా నిమిత్తము శిశువుగా పుట్టి, మా నిమిత్తము మరణించి లేచిన ప్రభువా, నీ తొట్టిని నీ సిలువను మేము వేరుచేయకుండ మమ్మును కాపాడుము. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులను ఆదరించుము. మంటి పాత్రలమైన మా చేతిపనిని నీ మహిమకు వాడుకొనుము. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో చదువుకొనుటకు: మొదటి వారము లూకా 1:46–55, రెండవ వారము లూకా 2:22–35, మూడవ వారము యోహాను 19:25–27, నాలుగవ వారము ఫిలిప్పీ 2:5–11.